చదువు తగ్గిన విధంబెట్టిదనిన

చదువు పెంచుకోవడం ఎవరైనా చేస్తారు. తగ్గించుకోవడానికే గుండెధైర్యం కావాలి! పరాయి దేశం వచ్చి, నలభై ఆరేళ్ల వయసులో, డాక్టరేటు నుంచి పదో తరగతి దాకా పట్టుదలతో దిగివచ్చినవాణ్ణి నేను. కాస్త శ్రద్ధగా వినండి.

ఒకప్పుడు ఇరవై ఒక్క ఏళ్లు కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పాను. ఇక్కడికొచ్చి అప్లికేషన్లు పెడితే అన్నిచోట్ల నుంచీ ఒకటే జవాబు: "మీ అర్హతలు మా అవసరానికి మించి ఉన్నాయి." ఎంత మర్యాద! మెడ పట్టి గెంటుతూ కూడా సన్మానం చేసినట్టే పంపిస్తారు. అలాంటి సన్మానాలు పదిహేడు జరిగాక మా ఆవిడ నా బయోడేటా తెరిచి కంప్యూటర్ ముందు కూర్చుంది.

"ఈ డాక్టరేటు ఎందుకండీ, దారికి అడ్డంగా?" అని ముందు దాన్ని తీసేసింది. తర్వాతి వారం ఎమ్మెస్సీ పోయింది. ఆపైన గోల్డ్ మెడల్. డిగ్రీ కూడా పోయేసరికి నేను కాళ్లావేళ్లా పడ్డాను.

"కనీసం ఇంటరన్నా ఉంచవే, పరువు పోతుంది!"

"పరువుంటే ఉద్యోగం రాదండీ," అంటూ టక్కున డిలీట్ నొక్కింది.

మరి ఆ ఇరవై ఒక్క ఏళ్లూ నేనేం చేసినట్టు? "సొంత పనులు" అని రాసింది. నా క్లాసులో వెనక బెంచీలవాళ్లు కూడా అవే చేసుకునేవారు.

వారం తిరక్కుండా లిఫ్టులు బాగుచేసే కంపెనీలో హెల్పర్ ఉద్యోగం వచ్చింది. చూశారా మహిమ! తాడుకు ఆ చివరనున్న ఇనుప దిమ్మెలు కిందికి దిగితేనే, ఈ చివరనున్న లిఫ్టు పైకి వెళ్తుంది. నా డిగ్రీలే ఆ దిమ్మెలు.

లాభాలు ఒకటా, రెండా? డాక్టరేటు ఉన్న రోజుల్లో పక్కింటివాళ్లు జలుబుకు మాత్ర చెప్పమనేవారు. ఇప్పుడా బెడద లేదు. గ్రీజు డబ్బా మోస్తూ పద్నాలుగు అంతస్తులు మెట్లెక్కి పొట్ట కరిగింది. లిఫ్టు చెడిపోతేనే కదండీ మమ్మల్ని పిలిచేది! నా గోళ్లలో నలుపు చూసి ఫోర్‌మన్ "పనిమంతుడివయ్యా" అన్నాడు. ఇరవై ఒక్క ఏళ్లలో మా ప్రిన్సిపాల్ ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు.

ఒక్కటే జాగ్రత్త. తెలివి బయటపడకూడదు. నాకు ముందున్న హెల్పర్ ఇంజనీరని తెలిసిపోయిందట. "మంచి ఉద్యోగం దొరగ్గానే పోతావులే" అని వాళ్లే ముందుగా పంపేశారు.

రెండేళ్ల నా కష్టం చూసి కంపెనీ నన్ను మెకానిక్ కోర్సుకు పంపింది. మాస్టారు నా శిష్యుల ఈడువాడు. మొదటి రోజే బోర్డు మీద లెక్క తప్పు వేశాడు. నా చెయ్యి దానంతటదే లేచింది. లాక్కొని దాని మీదే కూర్చున్నాను.

ఇక పరీక్ష. నూటికి నూరు వస్తే నా కొంప మునుగుతుంది! అందుకని రెండు లెక్కలు కావాలనే తప్పు చేశాను. ఏ తప్పు సహజంగా కనిపిస్తుందో నాకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? ఇరవై ఒక్క ఏళ్లు దిద్దింది అవే కదా! పాత అనుభవం ఇక్కడ పనికిరాదనేవాళ్లు ఎంత అమాయకులో చూడండి.

ఎనభై నాలుగు వచ్చాయి. "పదో తరగతి చదువుతో ఇన్ని మార్కులా! శభాష్!" అని ఫోర్‌మన్ వీపు తట్టాడు. మెకానిక్‌నయ్యాను. సిగ్గులేకుండా పొంగిపోయాను కూడా.

ఆ పేపరు తెచ్చి ఇంట్లో బల్ల మీద పెట్టడమే పొరపాటు. ఎనిమిదో క్లాసు చదివే మా అమ్మాయి చూసింది.

"నాన్నా, ఇది కదిలే కప్పీ కదా? సగం బలం చాలు కదా! నాకు నేర్పిందే నువ్వు. నీకెలా తప్పింది?"

ఏం చెప్పను? కావాలని రాశానంటే ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెబితే, రేపటి నుంచి అది చదువుకోవడం దేనికి?

"మర్చిపోయానమ్మా," అన్నాను.

అయ్యో పాపం అన్నట్టు చూసింది. పెన్సిలు తెచ్చుకుని, నా పక్కన కూర్చుని, తాడూ కప్పీ బరువూ బొమ్మ గీసి, విసుక్కోకుండా మూడుసార్లు చెప్పింది. మొదటిసారికే అర్థమైంది. కానీ ఇంకా వినాలనిపించి, అర్థంకానట్టు మొహం పెట్టి కూర్చున్నాను.

పిల్ల ఎంత బాగా చెబుతుందనుకున్నారు! అది ఎవరి పోలికో మాత్రం మా ఫోర్‌మన్‌తో అనకండి.