ఇంకాసేపు ఉండండి!

ఆ ఉదయం ప్రశాంతి వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండింటికి మాదాపూర్‌లో నారాయణప్ప గారి ఆఫీసుకు వెళ్ళాలి, ఆయన కంపెనీకి తాను తయారుచేసిన వెబ్‌సైటు లెక్కలు చూపించాలి, సాయంత్రానికి ఉద్యోగం పర్మనెంటు చేయించుకుని మియాపూర్ హాస్టలుకు చేరాలి. ఏడాదిలో రెండు కంపెనీలు ఆమెను ఇంటికి పంపేశాయి. మూడోది వెబ్‌సైట్లు తయారుచేసే ఈ సురేంద్ర కంపెనీ. ప్రొబేషను ఈ రోజుతో సరి. సైటుకు వచ్చినవాళ్ళు సగటున మూడు నిమిషాలైనా అందులో ఉండకపోతే ఇక నమస్కారమేనని సురేంద్ర ముందే చెప్పేశాడు.

నారాయణప్పది లిఫ్టుల వ్యాపారం. తెల్లాపూర్ నుంచి మూసాపేట దాకా ఎన్నో అపార్టుమెంట్లలో లిఫ్టు మొరాయిస్తే బాగు చేసేది ఆయన మనుషులే. అలాంటి కంపెనీ సైటులో మనిషిని మూడు నిమిషాలు కూర్చోబెట్టడమంటే మాటలా? ప్రశాంతి బుర్ర బద్దలు కొట్టుకుంది. తెరవగానే నారాయణప్ప జీవిత కథ, ఎనిమిది నిమిషాల వీడియో, దాటేసే వీల్లేదు. ఆ తర్వాత పది ప్రశ్నల క్విజ్. అదీ పూర్తిచేస్తే అన్నిటికన్నా అడుగున ఫోను నంబరు. పైన పెడితే నంబరు చూసుకుని వెళ్ళిపోరూ! పైగా లిఫ్టుల్లో నంబరున్న పాత స్టిక్కర్లు పీకించి, స్కాన్ చేస్తే సైటు తెరుచుకునే కొత్త స్టిక్కర్లు అంటించమన్నదీ ఆమే. మూడు వారాల క్రితం ఆ ఆలోచనకు సురేంద్ర కేకు కూడా కోయించాడు.

మెట్రోలో నిలబడి ఫోనులో లెక్క చూసుకుంది. సగటు పంతొమ్మిది నిమిషాలు! నమ్మలేక ఇంకోసారి చూసుకుంది. తెల్లాపూర్‌లో ఎవరో ఏకంగా నలభై రెండు నిమిషాలు ఉన్నారు. లిఫ్టు కంపెనీ సైటును అంతసేపు చూసే తీరిక ఎవరికుంటుంది? లెక్కపెట్టే కోడులో తానే ఎక్కడో తప్పు చేసి ఉండాలి. అది బయటపడితే మూడో ఉద్యోగం కూడా హుళక్కి. మాదాపూర్‌లో దిగి నడుస్తూ సురేంద్రకు ఫోను చేసింది.

"సార్, ఆ నంబర్లు ఇంకోసారి చెక్ చేసి చూపిద్దామండి. నాకెందుకో భయంగా ఉంది."

"భయమెందుకమ్మా? సూపర్ రిజల్ట్స్! నేను వచ్చేశాను, డెమో కూడా స్టార్ట్ చేసేశా. సార్ ఫుల్ హ్యాపీ. వీడియో ఇంకో పావుగంట పెంచమంటున్నారు."

వెనకనుంచి నారాయణప్ప గొంతు వినపడింది. "పాపకు చెప్పప్పా! సైటు పెట్టినప్పటి నుంచి ఒక్క కంప్లైంటు ఫోను రాల్యా. మన మెయింటెనెన్సు అట్లుంటాది మరి! పని లేదని మెకానిక్కులందరినీ తిరుపతికి పంపిచ్చినా."

ఆ మాట ప్రశాంతికి ఏదో తేడాగా అనిపించింది. ఎందుకో మాత్రం తెలియలేదు. నారాయణప్ప ఆఫీసున్న భవనంలోకి వెళ్ళి, లిఫ్టెక్కి, ఆరో అంతస్తు నొక్కింది.

మూడో అంతస్తు దాటగానే లిఫ్టు ఒక్క కుదుపు కుదిపి ఆగింది. ఫ్యాను ఆగింది. ప్రశాంతి అలారం నొక్కింది, తలుపులు బాదింది, గొంతు చించుకుని అరిచింది. కింద టైల్స్ కోస్తున్న మిషను హోరులో ఆ అరుపులు ఎవరికీ వినపడలేదు. సురేంద్రకు మూడుసార్లు ఫోను చేసింది. ఎత్తలేదు. ఇందాక ఆమెతో మాట్లాడాక డెమో కోసం ఫోను సైలెంటులో పెట్టేసినట్టున్నాడు. ఇక నారాయణప్ప నంబరు. సైటులో దాన్ని టైపు చేసింది తన వేళ్ళే, కానీ మొదటి రెండు అంకెలు తప్ప ఒక్కటీ గుర్తు రాలేదు. ఎదురుగా గోడ మీద తళతళలాడుతూ ఆమె పెట్టించిన స్టిక్కరు.

అప్పుడు అర్థమైంది. లిఫ్టు నడుస్తుంటే లిఫ్టు కంపెనీ సైటు ఎవరు చూస్తారు! ఆ పంతొమ్మిది నిమిషాలూ ఇలా ఇరుక్కున్నవాళ్ళవి. ఆ నలభై రెండు నిమిషాలూ ఇరుక్కున్నది ఏ ముసలివాళ్ళో, పసిపిల్లను ఎత్తుకున్న ఏ తల్లో. ప్రశాంతిని తన పరిస్థితి కన్నా ఆ తలంపే ఎక్కువ భయపెట్టింది.

స్టిక్కరు స్కాన్ చేసింది. తెర మీద నారాయణప్ప నవ్వుతూ తన చిన్నతనం గురించి మొదలుపెట్టాడు. ఆయన అనంతపురంలో రెంచి పట్టుకునే వేళకు సిగ్నలు పోయింది. పది నిమిషాలకు అది తిరిగొచ్చేసరికి కథ మళ్ళీ చిన్నతనం నుంచి. రెండోసారి ఎలాగో ఆయన హైదరాబాదు చేరాడు. తర్వాత క్విజ్. 'లిఫ్టులో మీకు బాగా నచ్చేది ఏమిటి?' ప్రశాంతి ఏడుస్తూనే 'ప్రశాంతత' అన్న జవాబు నొక్కింది. కంగారులో వేలు పక్కకు తగిలి ఒక పెట్టె ఎగిరి వచ్చింది. 'అప్పుడే వెళ్ళిపోతున్నారా? ఇంకాసేపు ఉండండి!' అది రాసిన రోజు ఎంత మురిసిపోయిందో తలుచుకుని తన్ను తానే తిట్టుకుంది.

చివరికి నంబరు దొరికింది. రెండో రింగుకే ఎత్తారు.

"సార్, లిఫ్టులో ఇరుక్కుపోయానండి! ఊపిరాడటం లేదండి!"

"రవ్వంత ఆగమ్మా, మీటింగులో ఉండాము," అన్నాడు నారాయణప్ప హుషారుగా. "మా సైటును మాదాపూర్‌లోనే ఎవరో ముప్పై ఐదు నిమిషాలుగా చూస్తా ఉండారు. రికార్డు కొట్టేటట్టుండారు!" వెనక చప్పట్లు మోగాయి.

"అది నేనేనండీ! ప్రశాంతినండీ! మీ బిల్డింగు లిఫ్టులోనే ఉన్నానండీ!"

అవతల చప్పట్లు ఠక్కున ఆగిపోయాయి.

మెకానిక్కులు తిరుపతి క్యూలో ఉన్నారు కాబట్టి నారాయణప్పే చొక్కా చేతులు మడిచి, తాళంచెవి పట్టుకుని నాలుగో అంతస్తుకు దిగాడు. పైనుంచి తలుపు తీసి, చెయ్యందించి ఆమెను లాగాడు. పక్కనే సురేంద్ర మొహం కందగడ్డలా ఉంది.

"ఏంటిది ప్రశాంతీ? క్లయింట్ ముందు నా పరువు... రేపట్నుంచి నువ్వు..."

"తప్పు నాదేనండి," అంది ప్రశాంతి నేల మీదే కూలబడి. "వచ్చినవాళ్ళందరూ ఇరుక్కున్నవాళ్ళేనండి. నంబరు అడుగున దాచింది నేనే. ఉద్యోగం తర్వాత మాట్లాడుకుందాం సార్. ముందు ఆ తెల్లాపూర్ వాళ్ళకు ఫోను చెయ్యండి."

నారాయణప్ప మెట్ల మీద కూర్చుని తెల్లాపూర్ వాచ్‌మన్‌కు ఫోను చేశాడు. ఎవరికీ ఏమీ కాలేదని, తలుపులు తానే తీశానని, కంపెనీని మాత్రం అందరూ నోరారా తిడుతున్నారని వాచ్‌మన్ చెప్పాడు. నారాయణప్ప ఫోను జేబులో పెట్టుకుని సురేంద్ర వైపు తిరిగాడు.

"ఈ పాపను తీసేస్తే నా పని కూడా వేరేవాళ్ళకిస్తా. ఇంతమందిలో మా సైటు ఆఖరు దాకా పోయి నంబరు పట్టుకునింది ఈమె ఒక్కతే. లోపల ఇరుక్కున్న భయం తెలిసినోళ్ళే చేయాల నా సైటు."

సాయంత్రానికి సైటులో పెద్ద పెద్ద అంకెల ఫోను నంబరు, దాని కింద చిన్న అక్షరాల్లో వీడియో లింకు మిగిలాయి. మెకానిక్కులు తిరుపతి నుంచి రాగానే లిఫ్టుల్లోకి నంబరున్న స్టిక్కర్లు తిరిగొచ్చాయి. సురేంద్ర పళ్ళు నూరుకుంటూనే పర్మనెంటు కాగితం మీద సంతకం పెట్టాడు. ఇప్పుడు సైటులో ఎవరూ ఆరు సెకన్లకు మించి ఉండటం లేదు. తన వీడియో ఎవరూ చూడటం లేదన్న దిగులు మాత్రం నారాయణప్పకు ఇంకా పోలేదు.