మూడు పూతల గిటారు

ఆదివారం పొద్దున పదింటికి పాలిషాయన ఫ్రిజ్ మీద యుద్ధం ప్రకటించాడు.

"అంతా దీనివల్లే!" అన్నాడు వేలు చూపిస్తూ.

వంటింటి గుమ్మంలో నిలబడ్డ భార్య ఫ్రిజ్ వంకా, మొగుడి వంకా మార్చి మార్చి చూసింది. "అది పన్నెండేళ్ళుగా అక్కడే ఉంది. మీ గిటారు జుయ్‌య్‌మంటున్నది పది రోజుల్నుంచే కదండీ?"

"పగబట్టడానికి టైము పట్టొద్దూ?"

తలుపులకీ, బీరువాలకీ వార్నిష్ వేయడం ఆయన వృత్తి. బోసిగా ఉన్నదేది కనిపించినా ఆయన చెయ్యి ఊరుకోదు. ఓసారి అత్తగారి చేతికర్రకి ఎంత నున్నగా పాలిష్ పట్టాడంటే, అది చేతిలో నిలవక ఆవిడ నెలరోజులు కర్ర లేకుండానే నడిచింది. ఆవిడ మోకాళ్ళు బాగుపడింది తనవల్లేనని ఆయన ఇప్పటికీ చెప్పుకుంటాడు.

ఇక గిటారు సంగతి. సాయంత్రం ఐదింటికి కమ్యూనిటీ హాల్లో బ్యాండ్ల పోటీ. యాభై రెండేళ్ళ వయసులో పాలిషాయన మొదటిసారి స్టేజి ఎక్కబోతున్నాడు. ఎక్కనిస్తే! బ్యాండుకి నాయకుడు డ్రమ్ములు వాయించే బావమరిది. నిన్నటి సాధనలో అతను కర్రలు కింద పెట్టి మరీ చెప్పాడు.

"బావా, నువ్వు వాయించనప్పుడు కూడా నీ గిటారు వాయిస్తూనే ఉంది. రేపు మూడింటికొచ్చి వింటా. ఆ మోత ఉందో, నువ్వు కింద కూర్చుని చప్పట్లు కొట్టడమే. అక్క మొగుడివని కూడా చూడను."

సరిగ్గా పది రోజుల కిందట పాలిషాయన ఆ గిటారుని నిలువునా విప్పి, అద్దంలా మెరిసేలా పాలిష్ పట్టి, మళ్ళీ బిగించాడు. ఆ ముక్క మాత్రం ఎవరికీ చెప్పలేదు. తన పాలిష్‌కి వంక పెట్టే మొనగాడు ఇంకా పుట్టలేదు. కాబట్టి నేరం ఇంకెవరి నెత్తినైనా రుద్దాలి. ఫ్రిజ్‌కి నోరు లేదు.

ఫ్రిజ్ ఆపాడు. బ్యాటరీతో నడిచే చిన్న యాంప్లిఫయర్‌కి గిటారు తగిలించాడు.

జుయ్‌య్‌య్.

ట్యూబులైటు ఆర్పాడు. మిక్సీ సగంలో ఆపించాడు. ఫ్యాను ఆపాడు. జుయ్‌య్‌య్. చెమటలు మాత్రం అదనంగా వచ్చాయి.

"ఇక నన్నే ఆపాలి" అంది భార్య విసనకర్రతో విసురుకుంటూ.

"నీకు స్విచ్ ఎక్కడుంది?"

"ఉంటే పెళ్ళైన మర్నాడే నొక్కేసేవారు."

మధ్యాహ్నానికి యుద్ధం గడప దాటింది. ఎదురింటివాళ్ళ వాషింగ్ మెషిన్ ఆపించాడు. పై ఇంటి టీవీ ఆపించాడు. కింద ఇంటి పెద్దాయన రేడియో బ్యాటరీదని చెబుతున్నా వినకుండా ఆపించాడు. మోత అలాగే ఉంది. మూడింటికి పది నిమిషాలుందనగా పాలిషాయన మెట్లన్నీ దిగి, అపార్ట్‌మెంటు మెయిన్ స్విచ్ కిందికి లాగేశాడు. మూడంతస్తులు ఒగరుస్తూ ఎక్కొచ్చి తీగె మీటాడు.

స్వచ్ఛంగా మోగింది. ఆగింది. నిశ్శబ్దం!

"చూశావా!" అని గంతేశాడు. "కరెంటు లేకపోతే మోత లేదు. తప్పు గిటారుది కాదు!"

"బాగానే ఉంది. మరి సాయంత్రం హాల్లో లైట్లుంటాయి, మైకులుంటాయి. ఊరికంతా కరెంటు తీయిస్తారా?"

పాలిషాయన గంతు గాల్లోనే ఆగిపోయింది. అదే క్షణంలో మెట్ల వైపు నుంచి ఓ కేక వినిపించింది.

"ఎవడ్రా కరెంటు తీసిందీ? లిఫ్టులో ఉన్నానిక్కడ!"

భార్య చెవి ఒగ్గింది. "మా తమ్ముడి గొంతులా లేదూ?"

పరుగున వెళ్ళి మెయిన్ వేశాడు. ఇళ్ళన్నీ వెలిగాయి, లిఫ్టు మాత్రం కదల్లేదు. పాతకాలపు లిఫ్టు. ఓసారి అలిగిందంటే మెకానిక్ వచ్చి బుజ్జగించాల్సిందే. ఫోను చేస్తే, రావడానికి అరగంట పడుతుందన్నాడు.

"బావా!" రెండంతస్తుల మధ్య నుంచి గర్జన. "గిటారు బాగైందా?"

"అవుతోంది!"

"నేను బయటపడేలోగా అవ్వాలి. లేకపోతే నీ బదులు ఆ మెకానిక్‌ని స్టేజెక్కిస్తా!"

పాలిషాయన ఇంట్లోకొచ్చి సోఫాలో కూలబడ్డాడు. భార్య ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. ఆవిడ ఆసుపత్రిలో ఇసిజి తీస్తుంది. రోజుకు నలభై గుండెలు ఆవిడ కళ్ళ ముందు గీతలై నడుస్తాయి.

"ఇలా ఇవ్వండి. ఈ బాధ ఎప్పట్నుంచి?"

"పది రోజుల్నుంచి."

"అంతకుముందు ఆపరేషన్ ఏమైనా అయిందా?"

"అబ్బే..."

"పేషెంట్లు నా దగ్గర అబద్ధం చెప్పరు."

ఆయన నేల చూపులు చూశాడు. "కొంచెం... పాలిష్ పట్టాను."

ఆవిడ యాంప్లిఫయర్ పెట్టి, వేలితో గిటారు తీగె తాకింది. జుయ్‌య్. వైరు గుచ్చే చోట ఉన్న ఇనప బిళ్ళ తాకింది. మోత టక్కున ఆగింది. మళ్ళీ తీగె. జుయ్‌య్. మళ్ళీ బిళ్ళ. నిశ్శబ్దం.

"ఫ్రిజ్‌ని అనవసరంగా తిట్టారు. చుట్టూ ఉన్న కరెంటు మోతని పట్టి గిటారులోకి తెస్తున్నది మీ ఒళ్ళే."

"నా ఒళ్ళా!"

"ఎవరి ఒళ్ళైనా అంతే. తీగెలు ముట్టుకోగానే ఆ మోత ఎర్త్‌లోకి దిగిపోవాలి. ఈ బిళ్ళకి ఎర్త్ ఉంది, తీగెలకి లేదు. మధ్యలో దారి తెగింది. తీగెలు పట్టి ఉంచే ఈ ఇనప పలక కింద ఏముంది?"

"ఓ సన్న వైరు. కొన ఒట్టిగా, చెక్కు తీసినట్టు, అసహ్యంగా ఉంటేనూ..."

"ఉంటే?"

"వార్నిష్ వేశాను."

"దానికా!"

"పలక అడుగున కూడా" అన్నాడు గొంతు తగ్గించి. "మూడు పూతలు."

ఆవిడ నవ్వాపుకుంటూ తీగెలు వదులు చేయించి, స్క్రూలు విప్పించింది. వైరు కొన బంగారు కడ్డీలా తళతళలాడుతోంది. హ్యాండ్‌బ్యాగులోంచి సన్నటి గరుకు కాగితం ముక్క తీసింది. పేషెంటు ఒంటికి నూనెలూ క్రీములూ ఉంటే ఇసిజి గీత వణుకుతుంది. అలాంటప్పుడు చర్మం మీద ఈ కాగితంతో మెల్లిగా రెండుసార్లు రుద్దుతారు. వైరుకి పాతికసార్లు రుద్దాల్సి వచ్చింది. పాలిషాయన గుండె మీద గీకుతున్నట్టే విలవిల్లాడాడు.

బిగించారు. శ్రుతి చేశారు. ఇంట్లో ఫ్రిజ్, ఫ్యాను, ట్యూబులైటు, మిక్సీ అన్నీ వేసి తీగె మీటారు.

ఖంగుమంది. చెయ్యి ఆనించగానే నాదం ఆగింది, వెనకాల ఈగ రొదంత మోత కూడా లేదు.

అప్పుడే లిఫ్టు కిర్రుమంది. చెమటల్లో తడిసిన బావమరిది వచ్చి విన్నాడు. మరోసారి విన్నాడు. "బావా! నువ్వే చేశావా?"

"మరేమనుకున్నావ్? చేతిపని తెలిసినవాడికి ఇదో లెక్కా?"

"అమ్మయ్య!" బావమరిది వెంటనే పోటీ పెట్టినాయనకి ఫోను చేశాడు. "సార్, హాల్లో గిటార్లన్నీ వాయించకుండానే మోగుతున్నాయన్నారే, మా బావని తీసుకొస్తున్నా. అన్నీ ఆయనే బాగుచేస్తాడు."

పాలిషాయన నోరు తెరుచుకుంది. భార్య తాపీగా హ్యాండ్‌బ్యాగు జిప్పు లాగింది. "వెళ్ళి రండి. నాకు మిక్సీ పని మిగిలుంది."

"నువ్వూ రావే" అన్నాడు గొణుగుతూ.

"నేనెందుకండీ? చేతిపని తెలిసినవారు మీరు."

"తల్లీ, తప్పైపోయింది."

"నాతో కాదు. వాడితో చెప్పండి. పూతల లెక్కతో సహా."

చెప్పాడు. బావమరిది గోడకి జారబడి, నవ్వలేక నేల మీద కూర్చుండిపోయాడు.

హాల్లో ఆవిడ ఓ కుర్చీలో కూర్చుంటే నాలుగు బ్యాండ్ల గిటారువాళ్ళూ వరసగా నిలబడ్డారు. "ఎప్పట్నుంచి?" "కింద పడిందా?" "అబద్ధం వద్దు." ఒకదానికి బిళ్ళ వదులు, ఒకదానికి అతుకు ఊడింది, మిగతా రెండింటికీ వైర్లు మారిస్తే సరిపోయింది. పాలిషాయన పక్కనే నిలబడి, అడిగినప్పుడల్లా స్క్రూడ్రైవరు అందించాడు.

ఆరింటికి స్టేజెక్కాడు. పాటలో ఓ చోట అందరూ ఆగి, నాలుగు లెక్కలు మౌనంగా ఉండాలి. నిన్నటిదాకా ఆ నాలుగు లెక్కలూ ఆయన గిటారే నింపేది. ఇవాళ హాలంతా ఊపిరి బిగబట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. చిటుక్కుమనలేదు. డ్రమ్ము దబ్బుమంది, ఆయన చెయ్యి తీగెల మీద పడింది, జనం లేచి నిలబడ్డారు.

మొదటి బహుమతి వాళ్ళదే.

కప్పు భుజాన పెట్టుకుని దిగుతుంటే ఓడిపోయిన బ్యాండ్ల గిటారువాళ్ళంతా పాలిషాయన్ని చుట్టుముట్టారు. ఆయన ఛాతీ రెండంగుళాలు పొంగింది.

"అన్నా" అన్నాడొకడు వినయంగా, "మేడమ్ గారు ఆదివారాలు చూస్తారా?"

పాలిషాయన దూరంగా అభినందనల మధ్య ఉన్న భార్య వంక చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"చూస్తారు. ముందు నా దగ్గర పేరు రాయించుకోవాలి."