మంత్రిగారి సగటు గాలి

సాయంత్రం నాలుగింటికి మంత్రిగారి సభకు అరవై మంది గెస్టులు వేంచేస్తున్నారని పీఏ మైకులో ప్రకటించగానే మైదానం చప్పట్లతో మోగిపోయింది. ఆ మైకు నాదే కాబట్టి ఆ శుభవార్త మోసిన పుణ్యంలో నాకూ వాటా ఉంది. ముందు వరసలో అరవై తెల్లకుర్చీలు వేసి, ఒక్కోదానికీ ‘రిజర్వుడు’ కాగితం అంటించారు.

తీరా చూస్తే, వాతావరణాధికారి ఫోనులో చెప్పింది గెస్టులు కాదు, గస్టులు. గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో ఉండుండి కొట్టే గాలి విసుర్లు. వెంటనే అధికారిని పిలిపించారు. చంకలో చార్టుతో పరుగున వచ్చాడు.

“గాలి ఎంతయ్యా?” అన్నారు మంత్రిగారు.

“సగటున పద్దెనిమిది సార్. విసుర్లు మాత్రం అరవై.”

“ఒక్కో విసురు ఎంతసేపుంటుంది?”

“మూడు సెకన్లు సార్.”

“నా తుమ్ము అంతకన్నా ఎక్కువసేపుంటుంది! కొట్టేసెయ్. జనానికి సగటు చెప్పు. మాది సగటు మనిషి ప్రభుత్వం!”

ఇంత లోతైన మాట నేను ఈమధ్య వినలేదు. అధికారి ఎర్రపెన్నుతో అరవైని కొట్టేశాడు. బయట చెట్లు మాత్రం ఊగుతూనే ఉన్నాయి. వాటికి సర్క్యులర్ ఇంకా అందినట్టు లేదు.

నా బాధ వేరే. సభకు వేసిన టెంటు మా బావది. ఉన్నదల్లా ఆ ఒక్క పెద్ద టెంటే, దాన్ని నమ్ముకునే మా అక్క సంసారం నడుస్తోంది. వేదిక వెనక నలభై అడుగుల మంత్రిగారి ఫ్లెక్సీని ఆ టెంటు గుంజలకే కట్టారు. అంత పెద్ద ఫ్లెక్సీకి అక్కడక్కడా అర్ధచంద్రంలా కోతలు పెడతారు, గాలి అందులోంచి పోవడానికి. పెట్టకపోతే అది తెరచాపలా గాలిని పట్టి గుంజల్ని పీకేస్తుంది. బావ కత్తెర పట్టుకుని నిచ్చెనెక్కాడు.

“ఏయ్, ఎక్కడ కోస్తున్నావ్?” అరిచాడు పీఏ.

“బుగ్గల మీద నాలుగు, నోటి దగ్గర ఒకటి సార్. గాలి పోవద్దూ?”

“సార్ నోట్లోంచి గాలి పోవడమా? ఆ మాట ఇంకెక్కడా అనకు!”

“పోనీ మెడ కింద...”

“సార్ గొంతు కోస్తావా? ముందు కిందికి దిగు!”

బావ దిగొచ్చి నా చెవిలో అన్నాడు. “బామ్మర్దీ, నా టెంటు ఎలాగూ పోయింది. లోపల మూడొందల మంది ఉన్నారు. ఏదో ఒకటి చెయ్యరా.”

నేను మైకందుకుని, “భోజనం పొట్లాలు గేటు దగ్గర!” అన్నాను. రెండు నిమిషాల్లో టెంటు ఖాళీ. మంత్రిగారు మాత్రం కదల్లేదు. ఉపన్యాసం ఇంకా పదకొండు పేజీలుంది. ఆయన కదలలేదు కాబట్టి పీఏ కదల్లేదు, పీఏ కదలలేదు కాబట్టి అధికారీ కదల్లేదు.

నాలుగూ ఐదుకు గెస్టులు వచ్చారు. ముందు తమ అరవై కుర్చీలనీ వెంటబెట్టుకుపోయారు. తర్వాత ఫ్లెక్సీ పొట్ట ఉబ్బింది, గుంజలు లేచాయి, టెంటంతా ముగ్గురి మీదా కూలింది. అంతా సద్దుమణిగాక, ఫ్లెక్సీ సరిగ్గా నోటి దగ్గరే చిరిగి, అందులోంచి మంత్రిగారి అసలు తల బయటికొచ్చింది.

“సగటు అన్నావు కదయ్యా!” అంది తల.

అధికారి గుడ్డ కిందనుంచే, గేటు దాకా వినబడేలా విడమరిచి చెప్పాడు. “సగటంటే పది నిమిషాల గాలిని కలిపి భాగించడం సార్. విసురంటే అందులో అన్నిటికన్నా గట్టిగా తగిలేది. గుంజల్ని పీకేది అదే. మీరన్నారని దాన్ని నేను కాగితం మీద కొట్టేశాను. ఇప్పుడది మనల్ని కొట్టింది.”

జనం పొట్లాలు అడగడం మర్చిపోయి చప్పట్లు కొట్టారు.

కొత్త టెంటు ఇప్పించమని బావ పెట్టుకున్న దరఖాస్తుకు వారంలోనే జవాబు రావడం ఈ ప్రభుత్వ చురుకుదనానికి నిదర్శనం. అందులో ఇలా ఉంది: “సదరు టెంటు ఉదయం ఆరు నుంచి పది గంటలపాటు నిలబడియున్నది. కూలుటకు పట్టినది మూడు సెకన్లు మాత్రమే. సగటున చూడగా టెంటు నిలబడియే ఉన్నట్లు తేలినది. కావున వచ్చే సభకు కూడా అదే టెంటు వేయవలసినది.”