మామగారి టెంటులో నీటి మర్మం

కొరియా మొత్తంలో నేరస్థుడి కంటే రెండడుగులు ముందుండే బుర్ర ఒక్కటే ఉంది. ప్రస్తుతం అది వొన్జు ఊళ్ళో ఒక లాండ్రీలో, ఇస్త్రీ పెట్టె వెనక ఉంది. ఆ బుర్ర నాదే. పేరు తక్ గిల్జున్. ఇన్నేళ్ళలో నేను పట్టుకున్న నేరస్థుల సంఖ్య సున్నా అని మా ఆవిడ హేసుక్ ఊరంతా చెబుతుంటుంది. వాళ్ళు నాకు జడిసి నేరాలే మానేశారేమో అన్న ఆలోచన ఆవిడకి తట్టదు.

మా మామగారికి డెబ్బై నిండబోతున్నాయి. తోడల్లుడు సముద్రం ఒడ్డున పెద్ద హోటల్లో గది తీస్తానన్నాడు. ఆయన మాత్రం, ఆ రోజు కొండమీద టెంటులో నిద్ర లేవాలని ఉందనీ, ఇంకేమీ వద్దనీ అన్నారు. పోయినేడాది నేను ఎంచిన టెంటు నాలుగు చినుకులకే జల్లెడైపోయింది. అందుకని ఈసారి ఆయన కోరికా, నా పరువూ ఒకే టెంటుకి వేలాడుతున్నాయి.

దుకాణంలో నా పద్ధతిలో దర్యాప్తు చేశాను. అతుకులన్నీ భూతద్దంతో చూశాను. లోపల పడుకుని ఈ చివరి నుంచి ఆ చివరికి దొర్లాను. పైన ఒక సీసాడు నీళ్ళు గుమ్మరించాను. విశాలంగా ఉంది, చుక్క దిగలేదు. దుకాణదారు నేల తుడుచుకుంటూ, ముందు అద్దెకు తీసుకెళ్ళి కొండమీద వాడి చూడండి, నచ్చితేనే కొనండి అన్నాడు. నన్ను వదిలించుకోవడానికే అలా అన్నాడని హేసుక్ అభిప్రాయం.

పుట్టినరోజుకి కాస్త ముందుగానే ముగ్గురం కొండెక్కి, టెంట్లవాళ్ళకి కరెంటు కూడా ఇచ్చే మైదానంలో ఆ అద్దె టెంటు వేశాం. చలిలో ఎవరైనా ఎలా ఉంటారో అలాగే ఉన్నాం. కింద వెచ్చటి కరెంటు పరుపు, మధ్యలో కరెంటు పొయ్యిమీద కుతకుతలాడే ఊరేసిన క్యాబేజీ కిమ్చీ పులుసు, చుట్టూ సందన్నది లేకుండా బిగించిన జిప్పులు.

తెల్లారేసరికి టెంటు లోపల కప్పు నుంచి మామగారి ముక్కుమీద టప్పుటప్పున నీళ్ళు. బయట ఒక్క వానచుక్క పడలేదు.

"ఇది టెంటు తప్పు కాదు, కుట్ర" అని ప్రకటించాను. తోడల్లుడు మనిషిని పెట్టి నీళ్ళు పోయిస్తున్నాడని నా సిద్ధాంతం.

"వచ్చినవాడు ముందు మీ నెత్తిన పోసుండేవాడు కదండీ" అంది హేసుక్.

అనుమానితుడు వెంటనే దొరికాడు. పక్క టెంటు మనిషి, పేరు పంగ్, రిటైరైన సంగీతం మాస్టారు. పొద్దున్నే మా గుమ్మం ముందు నిలబడ్డాడు. చేతిలో కెటిల్. కెటిల్లో నీళ్ళు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

"మాస్టారూ, తెల్లారగానే నీళ్ళతో మీకేం పని?"

"బార్లీ టీ అండీ, పెద్దాయన కోసం తెచ్చా. అన్నట్టు, మీ టెంటు పైన ఆ చిన్న కిటికీలు..."

"అడిగినదానికే జవాబు చెప్పండి."

ఆయన కెటిల్ అక్కడ పెట్టి మెల్లగా వెళ్ళిపోయాడు. పరారీ అని రాసుకున్నాను.

ఆ రాత్రికి కట్టుదిట్టం చేశాను. కప్పు దగ్గర మూసే ఉన్న రెండు కిటికీలకీ తువ్వాళ్ళు కూడా కుక్కాను. జిప్పులకి లాండ్రీ క్లిప్పులు బిగించాను. చీమ కూడా నా అనుమతి లేకుండా రాదు. పొద్దున లేచేసరికి మామగారి దుప్పటి పిండితే చెంబుడు నీళ్ళొచ్చాయి. నేను కాపలా పెంచినకొద్దీ వాడు నీళ్ళు పెంచుతున్నాడు.

మామగారు దగ్గుతూ, "పోనీలే అల్లుడూ, హోటలుకే పోదాం. నా సరదా కోసం మీరిద్దరూ తడవడం ఎందుకు" అన్నారు. ఒక్క రాత్రి ఆగండి మామయ్యా అని బతిమాలాను. తెల్లారితే ఆయన పుట్టినరోజు.

సాయంత్రం ఉచ్చు పన్నాను. తువ్వాళ్ళు తీసేసి, కిటికీల జిప్పులకి తాడు కట్టి, ఆ తాడుకి గిన్నెల మూతలు వేలాడదీశాను. ఎవడు కిటికీ ముట్టుకున్నా మోత మోగుతుంది. భోజనాలయ్యాక ఇద్దరినీ కూర్చోబెట్టి వివరించాను.

"నేరస్థుడు ఇలా అడుగేస్తాడనుకోండి" అంటూ వేసి చూపించాను. తాడు కాలికి చుట్టుకుంది. మూతలతో సహా బోర్లా పడ్డాను. పైన రెండు కిటికీలూ బార్లా తెరుచుకున్నాయి, జిప్పుల పిడులు ఊడి నా గుప్పిట్లోకొచ్చాయి. పులుసు గిన్నెని హేసుక్ కాపాడింది. నన్ను కాపాడే ప్రయత్నం చెయ్యలేదు.

"ఇక దొంగా రావచ్చు, వానా రావచ్చు" అంది.

దొంగ సంగతేమో గాని వాన వచ్చింది. నా ఓటమి కోసం ఎదురుచూస్తూ, ఆ చప్పుడు వింటూ నిద్రపోయాను.

పొద్దున కప్పు పొడిగా ఉంది. దుప్పటి పొడిగా ఉంది. కిటికీల పైనున్న చిన్న చూర్ల మీంచి వాన బయటికే జారిపోయింది. ఇంతలో పంగ్ మాస్టారు కెటిల్‌తో వచ్చి పైకి చూశాడు.

"కిటికీలు తెరిచారా, మంచి పని చేశారు. అదే చెబుదామని తిరుగుతున్నా. ముగ్గురి ఊపిరీ, ఆ పులుసు ఆవిరీ లోపలే బంధిస్తే ఎక్కడికి పోతాయండీ? పైన చల్లబడి మళ్ళీ మీమీదే పడతాయి."

హేసుక్ నావైపు చూడకుండా పొయ్యి బయట పెట్టి మా ఆచారం ప్రకారం పుట్టినరోజున తాగే సముద్రపు నాచు సూపు కాచింది. మాస్టారికి కూడా ఒక గిన్నె ఇచ్చాం. మామగారు తోడల్లుడికి ఫోన్ చేసి, గది వద్దు, ఇక్కడ హాయిగా ఉంది, ఈ టెంటే కొంటున్నాం అని చెప్పారు. జిప్పులు పీకేశాను కాబట్టి ఎలాగూ కొనక తప్పదు.

"ఇంతకీ దొంగ దొరికాడా అల్లుడూ?"

"దొరికాడు మామయ్యా."

"ఎవడు?"

"రోజూ కిటికీలు మూసేసి మీ పక్కనే గుర్రుపెట్టి పడుకున్నవాడే."

ఆయన కళ్ళు తుడుచుకునేంతగా నవ్వి, నేరస్థుడి గిన్నెలో ఇంకో గరిటెడు సూపు పోశారు.