అమ్మమ్మ గొంతులో గుడ్డ

ఆ రోజు పొద్దున్న గడ్డం గీసుకుంటూ ఫైర్ ఆఫీసరు వేసుకున్న పథకం చాలా చిన్నది. భోజనాల వేళకల్లా అమ్మమ్మ పోయిందని హెడ్డాఫీసు చేత ఒప్పించాలి. అంతే.

అమ్మమ్మ అంటే వాళ్ళ స్టేషనుకున్న ఒకే ఒక్క ఫైరింజను. ఆఫీసరు పుట్టకముందే అది ఆ షెడ్డులోకి వచ్చి నిలబడింది. గుండ్రటి దీపాలు, పక్కన ఇత్తడి గంట, నెత్తిన చెక్క నిచ్చెన, ముందు ఇనుప హ్యాండిల్ దూర్చి తిప్పితే తప్ప మేలుకోని ఇంజను. సైరను మూగబోయి ఎన్నేళ్ళయిందో ఎవరికీ గుర్తులేదు. ఫొటోలు తీసుకునేవాళ్ళకి అది ముచ్చట. మంటలార్పేవాళ్ళకి మాత్రం కుస్తీ. కిందటి వేసవిలో కలప అడితికి నిప్పంటుకుంటే అది నడివీధిలో మొరాయించింది. సిబ్బంది బకెట్లు పట్టుకుని పరుగెత్తారు. అడితి యజమాని ఇప్పటికీ ఆఫీసరు ఎదురుపడితే "ఏం సార్, బయల్దేరారా?" అని పలకరిస్తాడు.

పాతది పూర్తిగా పోతే తప్ప కొత్త బండి ఇవ్వరు. అమ్మమ్మకేమో ఒక దురలవాటు ఉంది. నిప్పంటుకున్న రోజున ఎంత తిప్పినా ఉలకదు, పలకదు. పైనుంచి బళ్ళ తనిఖీకి ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజున మాత్రం, మేష్టారిని చూసిన అల్లరిపిల్లాడిలా మొదటి తిప్పుకే లేచి నిలబడుతుంది. ఆయన "భేషుగ్గా ఉంది" అనేసి వెళ్ళిపోతాడు. ఇవాళ ఆ పప్పులు ఉడకనివ్వకూడదని ఆఫీసరు నిశ్చయించుకుని, మొహాన సబ్బు నురగ ఆరకముందే డ్రైవరుకి ఫోను చేశాడు.

"ఏమయ్యా, గుర్తుంది కదా? ఇవాళతో అమ్మమ్మ పీడ విరగడైపోవాలి."

అవతల డ్రైవరు ఏదో గునిశాడు. కన్నతల్లికన్నా ఎక్కువగా ఆ బండిని తుడిచి పెంచినవాడు మరి.

"నీ మొహం, జాలేమిటి జాలి! ఇంకా ఎన్నాళ్ళు భరించమంటావు? గొంతులో చిన్న గుడ్డ కుక్కు. ఊపిరాడక తనే ఊరుకుంటుంది. ఆఁ, పైకి కనబడకూడదు సుమా! వయసైపోయింది, పోయింది అనుకోవాలి చూసినవాళ్ళు. తర్వాతా? లారీవాడికి చెప్పే ఉంచాను. సాయంత్రం వచ్చి లాక్కుపోతాడు."

గొంతు అంటే ఇంజను గాలి పీల్చుకునే గొట్టం. ఆ సంగతి ఆఫీసరుకి తెలుసు, డ్రైవరుకి తెలుసు. వంటింట్లో పొయ్యి మీద పాలు పెట్టి నిలబడిన అత్తగారికి తెలియదు. నాలుగు రోజులుండి పోదామని వచ్చి, ఆవిడ ఇంకా పోలేదు. మనవలు ఆవిణ్ణి "అమ్మమ్మా" అంటారు. ఆ ఇంట్లో అమ్మమ్మ అంటే ఆవిడొక్కతే.

ఆఫీసరు ఈల వేసుకుంటూ బయటికొచ్చేసరికి అత్తగారు గోడకి ఆనుకుని నిలబడి ఉంది.

"అదేమిటి అత్తయ్యగారూ, అలా పాలిపోయారు? పైకెళ్ళి కాసేపు నడుం వాల్చండి. మీరింక ఏమీ కష్టపడక్కర్లేదు. సాయంత్రానికల్లా అన్నీ తేలిపోతాయి."

అల్లుడు అంత మెత్తగా మాట్లాడటం ఆవిడ ఏనాడూ వినలేదు. అనుమానం ఏ మూలైనా ఉంటే అది ఆ మెత్తదనంతో తీరిపోయింది.

తర్వాత ఏం జరిగిందో ఆఫీసరుకి మర్నాడు గాని పూర్తిగా తెలియలేదు. అతని స్కూటరు సందు తిరగ్గానే ఆవిడ, హాస్పిటల్లో నర్సుగా డ్యూటీలో ఉన్న కూతురికి ఫోను చేసింది. కూతురు ఎత్తలేదు. మనవలు అప్పటికే బడికి వెళ్ళిపోయారు. గుమ్మం దాటి వీధిలోకి పోదామంటే గుడ్డ పట్టుకున్నవాడు ఎటునుంచి వస్తాడో తెలియదు. అందుకని మేడమీద గదిలోకి పోయి గొళ్ళెం పెట్టుకుంది. గొళ్ళెం మీద నమ్మకం చాలక, చెక్క బీరువాని తలుపుకి అడ్డంగా తోసింది. బీరువా దభీమని బోర్లాపడి, తలుపుని ఇంకెవరూ తెరవలేకుండా బిగించేసింది. ఆవిడతో సహా. కింద పొయ్యి మీద పాల సంగతంటారా, ప్రాణం మీదికొచ్చిన మనిషికి పాలెక్కడ గుర్తుంటాయి!

స్టేషనులో అప్పటికి సంతాపసభ నడుస్తోంది. ఇన్‌స్పెక్టరు అమ్మమ్మ చుట్టూ ఒకసారి తిరిగి, "ఊఁ, లేపండి" అన్నాడు. డ్రైవరు హ్యాండిల్ తిప్పాడు. బండి ఒకసారి ఎక్కిళ్ళు పెట్టి ఊరుకుంది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ ఎక్కిళ్ళు. డ్రైవరు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆఫీసరు మనసులోనే అతని నటనకి చప్పట్లు కొట్టాడు. పాపం, అది నటన కాదు.

"పోయినసారి బాగానే లేచిందే?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"పెద్దప్రాణం సార్. నిన్న ఉన్నట్టు ఇవాళ ఉండదు," అన్నాడు ఆఫీసరు టోపీ తీసి చేత్తో పట్టుకుని. "ఎంత సేవ చేసింది సార్! మాకు మాత్రం బాధ లేదా? కానీ ఊరి ప్రాణాలు ముఖ్యం కదా."

ఇన్‌స్పెక్టరు నిట్టూర్చి, "సరే, దీని పని అయిపోయిందని రాసేస్తాను" అని పెన్ను తీశాడు.

సరిగ్గా అప్పుడే లోపల ఫోను మోగింది. ఎత్తిన ఫైర్‌మన్ పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"సార్, ఒక ఇంట్లో వంటింటి కిటికీలోంచి పొగ వస్తోందట! పైన బాల్కనీలో ఒక ముసలావిడ చిక్కుకుపోయి కేకలేస్తోందట. ఎదురింటి టైలరు చేశాడు."

"ఎవరిల్లు?"

"మీదే సార్."

ఇన్‌స్పెక్టరు పెన్ను ఆపలేదు. "ఈ బండి ఎలాగూ చచ్చింది కదా. పక్క ఊరి స్టేషనుకి ఫోను కొట్టండి."

పక్క ఊరి బండి వచ్చేసరికి మిగిలేది ఇటుకలే. అత్తగారంటే ఎన్ని సణుగుళ్ళైనా ఉండనీ, పొగలో చిక్కుకున్న మనిషి పొగలో చిక్కుకున్న మనిషే. అందులోనూ రాత్రి అతనికి జలుబు చేసిందని మిరియాల కషాయం కాచి, తాగేదాకా ఎదురుగా నిలబడ్డ మనిషి. టోపీ ఎటో విసిరేసి, అతను ఇంజను మీది మూత ఎత్తి, గొట్టంలోకి మోచేతిదాకా చెయ్యి పెట్టి గుడ్డ లాగాడు. అది వస్తూనే ఉంది. చిన్న గుడ్డ అన్నాడు గాని, డ్రైవరు తువ్వాలంతా కుక్కాడు.

ఇన్‌స్పెక్టరు తువ్వాలుని చూశాడు. ఆఫీసరుని చూశాడు. ఏదో అడగబోయాడు.

"సార్, మీరు ముందు సీట్లో కూర్చోండి! దండం పెడతాను. మీరుంటేనే ఇది నడుస్తుంది!"

అదేం శాస్త్రమో తెలియకపోయినా ఇన్‌స్పెక్టరు ఎక్కి కూర్చున్నాడు. డ్రైవరు హ్యాండిల్ ఒక్క తిప్పు తిప్పాడు. అమ్మమ్మ గొంతు సవరించుకుని, ఒక్కసారిగా షెడ్డు రేకులు అదిరేలా గర్జించింది.

దారిలో జనాన్ని తప్పించడానికి గంట కొట్టాలి. ఇన్‌స్పెక్టరు పక్కనే తాడు వేలాడుతోంది. మొదట ఆయన మొహమాటంగా ఒకసారి లాగాడు. రెండో మలుపు దాటేసరికి టోపీ వెనక్కి తోసుకుని, "తప్పుకోండి! తప్పుకోండి!" అని అరుస్తూ వాయిస్తున్నాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆయన బళ్ళని చూడటమే గాని, మంట దగ్గరికి వెళ్ళింది లేదు.

ఇంటి ముందు వీధంతా చేరింది. సిబ్బంది పైపు లాక్కుని వంటింట్లోకి దూరారు. ఆఫీసరు నిచ్చెన బాల్కనీకి ఆనించి గబగబా ఎక్కాడు. సగం ఎక్కేసరికి పైన అత్తగారు పూలకుండీ ఎత్తి పట్టుకుంది.

"ఇంకొక్క మెట్టెక్కావంటే ఇది నీ నెత్తినే!"

పెళ్ళయినప్పటి నుంచి ఆవిడ అతన్ని 'నువ్వు' అనడం అదే మొదటిసారి.

"అత్తయ్యగారూ, పొగ! ముందు దిగండి!"

"దిగితే నా గొంతులో గుడ్డ కుక్కుతావు. పోతే ఇక్కడే పోతాను గాని నీ చేతుల్లో పోను! వినండి, వీధిలోవాళ్ళంతా వినండి, అమ్మమ్మ పీడ వదిలించెయ్యమని ఎవడికో పురమాయించాడు! నా చెవులారా విన్నాను! తీసుకుపోవడానికి లారీ కూడా మాట్లాడాడు!"

టైలరు మెడలో టేపు సర్దుకుంటూ, "చూస్తే అలాంటివారిలా కనబడరే సార్!" అన్నాడు.

కింద డ్రైవరుకి విషయం బుర్రకెక్కింది. నోరు తెరవబోయాడు. చెప్పొద్దని ఆఫీసరు పైనుంచి కన్ను కొట్టాడు. వివరంగా చెప్పమంటున్నాడు కాబోలని డ్రైవరు అర్థం చేసుకున్నాడు.

"అయ్యో, మీరు కాదండీ పెద్దమ్మగారూ! అమ్మమ్మ అంటే ఈ బండండీ! కొత్త బండి కోసం దీని గొంతులో గుడ్డ కుక్కమన్నారు సారు. ఇదిగోండి గుడ్డ! ఉతికిందే పెట్టానండి, ఎంతైనా పెద్దదని."

బండి ఆగినా మోగుతూనే ఉన్న గంట ఇప్పుడు ఆగిపోయింది. ఇన్‌స్పెక్టరు తాడు వదలకుండానే తల పైకెత్తాడు.

"నిజమేనా?" అంది అత్తగారు, కుండీ దించకుండా.

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. ఆఫీసరుకి పైన కుండీ, కింద ఇన్‌స్పెక్టరు. ఔనంటే ఉద్యోగం పోతుంది. కాదంటే హంతకుడవుతాడు. బాల్కనీ తలుపు సందుల్లోంచి పొగ నల్లగా తన్నుకొస్తోంది. ఆవిడ దగ్గుతోంది, కానీ చెయ్యి దించడం లేదు.

"నిజమే అత్తయ్యగారూ," అన్నాడు లోగొంతుకతో.

"వినబడలేదు!"

"హెడ్డాఫీసుని మోసం చేద్దామని బండి గొంతులో గుడ్డ కుక్కించాను!" అని ఆఫీసరు వీధి చివరిదాకా వినబడేలా అరిచాడు.

అత్తగారు కుండీని జాగ్రత్తగా పక్కన పెట్టింది. "ఆ ముక్కేదో పొద్దున్నే చెప్పొచ్చు కదా, అల్లుడుగారూ మీరు!" అని చీర కొంగు బిగించి, నిచ్చెన మీద కాలు పెట్టింది.

వంటిల్లు సగం నల్లబడింది, పైకప్పు దక్కింది. అమ్మమ్మ పంపు ఒక్క నిమిషం కూడా నసగలేదు. మంట చల్లారాక ఇన్‌స్పెక్టరు మొహం మీది మసి తుడుచుకుంటూ ఆఫీసరుని పక్కకి పిలిచాడు. ఉద్యోగం పోయిందనే ఆఫీసరు అనుకున్నాడు.

"గొంతులో గుడ్డ కుక్కితే తప్ప ఆగని బండిని పోయిందని ఎలా రాయనయ్యా? ఇంకా చాలాకాలం పనికొస్తుందని రాస్తున్నాను. గుడ్డ సంగతి మాత్రం రాయను. నాకు గంట కొట్టే భాగ్యం కలిగించావు."

"సార్, మీరున్నారని నడిచింది సార్! మీరు లేనప్పుడు దీని వేషాలు మీకు తెలియవు!"

"అయితే తరచూ వస్తుంటాను," అన్నాడు ఇన్‌స్పెక్టరు తాడు వైపు ప్రేమగా చూస్తూ.

కొత్త బండి పక్క ఊరి స్టేషనుకి వెళ్ళింది. వాళ్ళ బండి, ఎవరూ ఏమీ కుక్కకుండానే, తనంతట తను చచ్చిందట. అల్లుణ్ణి అనవసరంగా అనుమానించినందుకు అత్తగారు ఎంతో నొచ్చుకుంది. వంటిల్లు బాగుపడేదాకా ఉండి, దగ్గరుండి అన్నీ చూసుకుంటానని మాటిచ్చింది. తాపీమేస్త్రీ ఇంకా రాలేదు.

ఆఫీసరు మాత్రం ఇప్పుడు ఇంట్లో ఎవరు ఫోను చేసినా స్పీకరు పెట్టి, పూర్తి వాక్యాల్లో మాట్లాడుతున్నాడు.