పదిహేడు కెంపుల చెయ్యి

ఆ ఉదయం పెరుందేవమ్మ అనుకున్నది ఇంతే: పులిహోర కట్టిచ్చి, కూతురు రమామణిని తిరుపతిలో పాకాల బండెక్కించి రావడం. పాకాల బడిలో పంతులమ్మగా చేరవలసింది ఆ రోజే. పదింటిలోగా సంతకం పెట్టకపోతే ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

తండ్రి కొనిచ్చిన కొత్త వాచీతో పాటు ఇంగ్లీషు చీటీ ఒకటి వచ్చింది. ఎదురింటి మునిలక్ష్మి దాన్ని కూడబలుక్కుని చదివింది.

"పదిహేడు జ్యూయెల్స్ అంట అక్కా. కెంపులు. లోపల పొదిగి ఉంటారంట."

పెరుందేవమ్మ లేచి వీధి తలుపు మూసింది. పదిహేడు కెంపులు కట్టుకుని ఆడపిల్ల ఒంటరిగా రైల్లో పోవడమా? వాటి కోసం మణికట్టే నరికేస్తారు.

"అయితే ఇంట్లోనే పెట్టి పోతాలేమ్మా."

"టైము తెలీకుంటే సాయంత్రం బండి తప్పిపోతాదే. ఆ ఊర్లో యాడ పడుకుంటావు?"

చివరికి పాత పంచె చింపి, వాచీ మీద నుంచి మోచేతి దాకా చుట్టింది. ఇక టైము ఎలా చూడాలని అడగబోయిన రమామణి, తల్లి కళ్ళలో నీళ్ళు చూసి పులిహోర మూట అందుకుంది. అయినా మనసొప్పక పెరుందేవమ్మ తానూ బండెక్కింది.

ఎదురు సీటులో వరదమ్మ అనే ముసలావిడ ఆ చేతినే చూస్తూ, "పుత్తూరు కట్టా?" అంది. ఆ జిల్లాలో ఎముక విరిగితే పుత్తూరుకే పోతారు. కెంపుల మాట బయటపడడం కన్నా ఎముక విరగడమే మేలనిపించి పెరుందేవమ్మ తలూపింది.

"మాదీ పుత్తూరే. ఇంత వదులుగా ఎవురు కట్టినారు? గుడ్డుసొన పుయ్యలేదా?"

"మా ఇండ్లల్లో గుడ్డు తాకం."

"ఎముక్కి మడేందమ్మా?" వరదమ్మ వంగి కట్టుకు చెవి ఆనించింది. "లోపల టిక్కుటిక్కుమంటా ఉండాది. ఎముక ఇంకా కూడుకోలేదు."

అంతటితో వదిలితే బాగుండేది. ఆవిడ వాళ్ళతో పాటే పాకాలలో దిగి, బడిదాకా వచ్చి, హెడ్‌మిస్ట్రెస్ జ్ఞానాంబకు చెప్పేసింది. "ఈ బిడ్డకు నెల దినాలు పని చెప్పొద్దండి. చెయ్యి విరిగినాది."

"నెలా? అందాకా పిల్లకాయల్ని ఎవరు చూస్తారు? వేరేవాళ్ళని పెట్టుకుంటాం," అని జ్ఞానాంబ రిజిస్టరు మూసేసింది.

రమామణి ముఖం పాలిపోయింది. పెరుందేవమ్మ గబగబా కట్టు తనే విప్పేసింది.

"తప్పు నాది తల్లీ. ఎముక బాగానే ఉండాది. పదిహేడు కెంపులుండాయని దాచినాను."

జ్ఞానాంబ తన చెయ్యి చాపింది. "నా వాచీలోనూ పదిహేడే. ఆవగింజలో సగం కూడా ఉండవు. ఫ్యాక్టరీలో చేసిన రాళ్ళు. చక్రాల ఇరుసులు అరక్కుండా పెడతారు. దొంగ కూడా ఏరుకోడు."

రమామణి సంతకం పెట్టేసరికి పదికి ఐదు నిమిషాలు. వరదమ్మ మాత్రం ఆ చేతిని మరోసారి ఒత్తి చూసి, నమ్మకం కుదరకుండానే వెళ్ళింది.

మధ్యాహ్నం జ్ఞానాంబ బయటికొస్తే వరండాలో పెరుందేవమ్మ.

"కెంపుల భయం తీరింది కదమ్మా. ఇంకా ఈడే ఉండారే?"

"కెంపులకయితే అప్పుడే పొయ్యుందును."

జ్ఞానాంబ ఆయాను పిలిచి, ఎండ పడని చోట బల్ల వేయించింది.

ఆ బల్ల దసరా సెలవుల దాకా అక్కడే ఉంది.