ప్లంకెట్ మంత్రిగారి నెలకో సూది

దగ్గరికి జరగండర్రా. ఆ టీవీ కట్టేసి, ఇలా నా మోకాళ్ళ దగ్గరికొచ్చి కూర్చోండి. పెద్దవాళ్ళ గొప్పతనం అరిచి చెప్పేది కాదు, మెల్లగా చెప్పుకోవాలి.

రెండువేల సంవత్సరం వచ్చిన కొత్త. సిడ్నీలో, బ్లాక్‌టౌన్ స్టేషన్ అవతల, ఒక చిన్న క్లినిక్ ముందు డేరా వేయించి ట్రెవర్ ప్లంకెట్ మంత్రిగారు మైకు అందుకున్నారు. ఆయనది మత్తుమందుల నివారణ, మిలీనియం సన్నాహాల శాఖ. రెండూ ఒక్క మనిషికే ఎందుకు అప్పగించారంటే, అంతటి సమర్థుడు మరి.

“కంప్యూటర్లకి పట్టిన బగ్‌ని వదిలించాం. ఇప్పుడు మనుషులకి పట్టిన బగ్ వంతు. నెలకి ఒక్క ఇంజెక్షన్! ఏడాది తిరిగేలోగా బ్లాక్‌టౌన్‌లో స్పీడ్ వాడేవాడు ఒక్కడు కూడా కనిపించడు!”

అందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా నేను కొట్టాను.

స్పీడ్ అంటే నిద్రని తరిమేసే మత్తుమందు. మా అమ్మాయి కొడుకు విఠల్, రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఆగిపోతాయన్న వైటూకే హడావుడిలో పాత ప్రోగ్రాములు సరిచేస్తూ కుర్చీకి అతుక్కుపోయాడు. పక్క సీటువాడు ‘ఇది వేసుకో, నిద్ర రాదు’ అంటే వేసుకున్నాడు. జనవరి రాగానే కంపెనీ వాణ్ణి వదిలేసింది. స్పీడ్ వదల్లేదు. పళ్ళు కొరుక్కోవడం, తిండి మానేయడం, ఖాయమైన పెళ్ళి తప్పిపోవడం. వాడు మళ్ళీ మనిషి కావాలంటే ఆ క్లినిక్ ఒక్కటే దిక్కు.

ఆరోజు నా గద్వాల చీర పుణ్యమా అని ఫొటో బాగా వచ్చింది. మంత్రిగారు నన్ను క్లినిక్ కమిటీలో సమాజ ప్రతినిధిగా వేసేశారు. ఇంగ్లీషు రాదని చెప్పించాను. “మరీ మంచిది” అన్నారట. ఆ సూదిమందు మీద పరీక్ష నడిపే డాక్టర్ ద్వారకానాథ్ మన ఏలూరు అబ్బాయే. మీటింగుల్లో పక్కన కూర్చుని ప్రతి మాటా నా చెవిలో తెలుగులో చెప్పేవాడు.

“ఏం మందు బాబూ అది?” అని అడిగాను.

“కొత్తదేం కాదండీ. మతి చలించినవాళ్ళకి ఇచ్చే పాత మందే. నువ్వుల నూనెలో కలిపి కండకి ఇస్తే, నెలంతా కొద్దికొద్దిగా ఒంట్లోకి దిగుతుంది.”

“ఆవకాయ ఊరినట్టు.”

“దాదాపు అంతేనండీ.”

“మావాడికి మతి బాగానే ఉందిగా?”

“ఉందండీ. స్పీడ్ ఇచ్చే హుషారుని ఈ మందు మెదడులో అడ్డుకుంటుందేమోనని ఆశ. పనిచేస్తుందో లేదో తెలీదు, అందుకే పరీక్ష. కొందరికి మందు, కొందరికి ఉత్త నూనె. ఎవరికి ఏది వెళ్తోందో నాక్కూడా తెలీదు.”

తెలీదని అన్నిసార్లు ఒప్పుకున్న డాక్టరుని నేను అదివరకు చూడలేదు. మంత్రిగారికి మాత్రం మొదటిరోజు నుంచే అన్నీ తెలుసు.

సూది నెలకోసారి. గురువారం గురువారం వచ్చి మూత్రపరీక్ష ఇవ్వాలి. మౌరీన్ అని ఒక నర్సమ్మ, వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి, టీ ఇచ్చి, వారమంతా ఎలా గడిచిందని అడిగేది. అడిగి ఊరుకునేది కాదు, చెప్పింది వినేది.

మొదటి సూది పడ్డాక మంత్రిగారు చూడ్డానికొచ్చారు. కొందరు చేతులు బిగుసుకుపోయి కొయ్యబొమ్మల్లా కూర్చున్నారు.

“ఎంత ప్రశాంతంగా ఉన్నారో!” అని మురిసిపోయారు మంత్రిగారు.

“సైడ్ ఎఫెక్ట్ సార్. కప్పు కూడా పట్టుకోలేకపోతున్నారు,” అన్నాడు ద్వారకానాథ్.

“కప్పు పట్టుకోలేనివాడు మత్తుమందు ఎలా పట్టుకుంటాడు డాక్టర్?”

ఇలాంటి ప్రశ్న పుట్టాలంటే బుర్ర ఉండాలి.

తర్వాత నెల నుంచి కుర్చీలు ఖాళీ అవడం మొదలైంది. సూదికి జడిసి కొందరు, విసుగొచ్చి కొందరు, పాత స్నేహితులు పిలిచి కొందరు మానేశారు. మీటింగులో ద్వారకానాథ్ తలవంచుకుని, సగం మంది రావడం లేదనీ, పరీక్ష ఆపి ఆలోచించుకుందామనీ అన్నాడు.

“రానివాళ్ళ మూత్రంలో మత్తుమందు కనిపించిందా?” అడిగారు మంత్రిగారు.

“వాళ్ళు రాలేదు కదా సార్.”

“కనిపించిందా, లేదా?”

“లేదు సార్.”

“అయితే బాగుపడ్డట్టే. డాక్టర్, జనవరి ఒకటిన ఏం జరిగింది?”

“ఏమీ జరగలేదు సార్.”

“అందుకే కదా నాకు మెడల్ ఇచ్చారు! ఏ కబురూ రాకపోతే పని అయినట్టు లెక్క.”

ద్వారకానాథ్ గొంతు సవరించుకున్నాడు. “మన గ్యారీ అని, లారీ నడిపే అబ్బాయి... మానేసిన కొన్నాళ్ళకి చనిపోయాడు సార్.”

మంత్రిగారు కళ్ళద్దాలు తీశారు.

“చనిపోయాక మళ్ళీ వాడాడా?”

“లేదు సార్.”

“పాపం. బాగుపడ్డాక పోయాడు.”

ఆ మాట నాకు తెలుగులో చెప్పి, ద్వారకానాథ్ తన కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

కుర్చీలు ఖాళీ అయ్యేకొద్దీ పేపర్లో బాగుపడ్డవాళ్ళ లెక్క చూపించే గీత పైకి లేచింది. చివరికి బాగుపడనివాడు ఒక్కడే మిగిలాడు, మా విఠల్. గురువారం తప్పకుండా వెళ్ళేవాడు. ఎప్పుడైనా కాలు జారి స్పీడ్ వేసుకుంటే పరీక్షకి ముందే మౌరీన్‌కి చెప్పేసేవాడు.

“సూది పనిచేస్తోందా నాన్నా?” అని అడిగితే, “ఏమో అమ్మమ్మా, నాకు ఎక్కేది ఉత్త ఆయిలేమో. గురువారం ఒకావిడ నాకోసం వెయిట్ చేస్తుందని తెలిస్తే, బుధవారం కంట్రోల్‌లో ఉండగలుగుతున్నా. అంతే,” అన్నాడు.

మంత్రిగారే స్వయంగా వచ్చి వాడి భుజం మీద నేస్తంలా చెయ్యి వేశారు.

“మేట్, నువ్వొక్కడివే మిగిలావు. రావడం మానేశావనుకో, నువ్వూ బాగుపడతావు.”

“రాకపోతే మళ్ళీ పాడైపోతాను సార్.”

“అయినా మాకు తెలీదు కదా. దిగులెందుకు?”

వాడు మానలేదు. అందుకని క్లినిక్కే మానేసింది. రోగులు లేని ఊరికి క్లినిక్ ఎందుకని మంత్రిగారు మూసివేత ఉత్సవం పెట్టారు. ప్రారంభానికి రిబ్బన్ కత్తిరిస్తారు కాబట్టి, ముగింపుకి రిబ్బన్ కట్టాలని ఆయనకే తోచింది. మౌరీన్‌ని అంతకుముందే ఏదో ఊరికి బదిలీ చేశారు.

ఆరోజూ గురువారమే. మంత్రిగారు తలుపుకి అడ్డంగా రిబ్బన్ ముడివేస్తుంటే, రోడ్డు మలుపులోంచి ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. బుగ్గలు పీక్కుపోయి, కళ్ళు లోపలికి పోయి ఉన్నారు. బాగుపడ్డవాళ్ళే, అందరూ! సూదులు ఆపేశారని ఎవరో చెప్పారట.

“ఇంజెక్షన్ లేదంట కదా, మౌరీన్ ఉందా?” అని ఒకడు నన్నే అడిగాడని పక్కనున్న ద్వారకానాథ్ చెప్పాడు.

“చూశారా, కృతజ్ఞత చెప్పుకోడానికి వచ్చారు!” అన్నారు మంత్రిగారు విలేకరులతో. కెమెరాలు మెరిశాయి.

మా విఠల్ ఆరోజు నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. నేరుగా రిబ్బన్ దగ్గరికి వెళ్ళాడు.

“సార్, వచ్చే గురువారం నేను ఎక్కడికి రావాలి?”

మంత్రిగారు ఫొటో కోసం వాడి చెయ్యి అందుకుని ఊపారు. “ఎక్కడికీ రానక్కర్లేదు మేట్!”

ఫొటో అయిపోయింది. మంత్రిగారు నవ్వుతూనే చెయ్యి వెనక్కి లాక్కున్నారు. రాలేదు. మళ్ళీ లాగారు. విఠల్ ఆ చెయ్యి పట్టుకుని, రెప్పవేయకుండా ఆయన మొహంలోకే చూస్తున్నాడు. సెక్యూరిటీవాళ్ళు వచ్చి వాడి వేళ్ళు ఒక్కొక్కటే విడదీశారు.

ఇది గుర్తుపెట్టుకోండర్రా. మీ పిల్లలకీ చెప్పండి. మంత్రిగారి పేరు మరిచిపోయినా పరవాలేదు, ఆయనకి విగ్రహం ఉంది. ఆ వేళ్ళ సంగతి మాత్రం వదలకుండా చెప్పండి.